రేడియో మోగితే ఇంట్లో ఉన్నట్టే

నాకు క్షయ వచ్చి తగ్గింది. ఇప్పుడు మెట్లెక్కినా ఆయాసం రాదు. గొంతు కాస్త బొంగురుగా ఉంటుందే తప్ప మాటకు లోటు లేదు. జబ్బు సంగతి అడిగిన వాళ్లకు మందులు మధ్యలో మానొద్దని, రోజుకో గుడ్డు తినమని చెప్పి ఊరుకుంటాను. కానీ ఆ జబ్బులో నన్ను నమిలేసింది దగ్గు కాదు. ఆ సంగతి మొత్తంగా ఎవరికీ చెప్పలేదు. చెబితే మా బావ పరువు పోతుందని దాచుకుంటూ వచ్చాను. ఆయన పరువును మోసే పని నాకెందుకని ఈ మధ్యే అనిపించింది.

బావ అంటే నా భర్తే, దేవరాజు. మా మేనత్త కొడుకు. చిన్నప్పటి నుంచీ ఎరిగిన మనిషి. మాది తిరుత్తణి. మా వాళ్లంతా మగ్గాల మీద బతికినవాళ్లే. మామ బతికున్న రోజుల్లో చీరల ఏజెన్సీ నడిపేవాడు, అప్పుడు పెట్టించిన ఫోను మా ముందు గదిలో ఉండేది. డయలు తిప్పే ఫోను కాదు. రిసీవరు ఎత్తితే ఎక్స్ఛేంజిలో ఆపరేటరు పలుకుతుంది, ఆమె కలిపితేనే మనం మాట్లాడేది. మామ పోయాక ఏజెన్సీ మూతబడింది, మగ్గాలు అమ్మేశాం. ఫోను మాత్రం మిగిలింది. దానికి కాల్ చేసేవాళ్లు కూడా పెద్దగా ఎవరూ లేరు.

బావకు ఆవడిలో ఒక ఫ్యాక్టరీలో ఎలక్ట్రికల్ సెక్షన్‌లో పని. పొద్దున్నే మొదటి రైలుబండికి వెళ్లి చీకటి పడేవేళకు వచ్చేవాడు. ఆయన చేతులు ఊరికే ఉండవు. ఒకసారి మేం పెళ్లికి వెళ్లినప్పుడు ఇంట్లో దొంగలు పడి ఇత్తడి సామానంతా ఎత్తుకుపోయారు. ఆ కసితో బావ ఒక రేకు పెట్టె చేశాడు. అందులోంచి ఒక తీగ ఫోనుకు, ఇంకో రెండు ముందు గది లైటుకూ రేడియోకూ. బయటూరి నుంచి మా నంబరుకు కాల్ చేస్తే బెల్లు మోగుతుంది, ఆ బెల్లు కరెంటుకు పెట్టెలో ఏదో టక్కుమంటుంది, లైటు వెలిగి రేడియో పాడుతుంది. ఇంకోసారి కాల్ చేస్తే రెండూ ఆగిపోతాయి. ఫోను ఎత్తేవాళ్లు ఉండరు కాబట్టి బిల్లు కూడా పడదు. ఇంట్లో మనుషులున్నారని దొంగ అనుకోవాలి, అంతే.

అది పనిచేస్తుందో లేదో చూడడానికి బావ తిరువళ్లూరులో తన అక్క రాణి వదిన ఇంటికి వెళ్లాడు. వాళ్లకు కింద కొట్టు ఉంది, కొట్లో ఫోనుంది. ఇక్కడ మా ముందు గదిలో వీధిలోని ఆడవాళ్లంతా చేరారు. బెల్లు మోగింది, లైటు వెలిగింది, రేడియోలో ఎవరో వరి నారుమళ్ల గురించి చెప్పడం మొదలుపెట్టారు. వెనక సందులో ఉండే కనకక్క రేడియోకు దండం పెట్టింది. నేను అందరికీ కాఫీ ఇచ్చాను. నా అంత గర్వంగా ఆ పూట తిరుత్తణిలో ఎవరూ లేరు. కొన్నాళ్లకు బావే, ఫోనువాళ్లు చూస్తే లైను కట్ చేస్తారని భయపడి పెట్టె విప్పేశాడు. స్క్రూలు అరచేతిలో పట్టుకుని పక్కన నిలబడింది నేనే.

ఆ మరుసటి ఏడాది ఆడికృత్తిక పండక్కి కొండ మీది స్వామికి కావళ్లు మోసుకొచ్చే జనంతో ఊరు నిండినప్పుడు నాకు దగ్గు మొదలైంది. దుమ్ము వల్ల అనుకున్నాను. పండగ అయిపోయింది, దుమ్ము అణిగింది, దగ్గు అణగలేదు. తరవాత గొంతు పోయింది. మాట్లాడబోతే గాలి వస్తుంది, మాట రాదు. తిరువళ్లూరులో ఆసుపత్రికి తీసుకెళ్లారు. వరండాలో పొడుగు బెంచీ మీద కూర్చుంటే, నేను దగ్గిన ప్రతిసారీ పక్కవాళ్లు ఒక జానెడు జరిగేవారు. చివరికి బెంచీ సగం నాకే మిగిలింది. ఒక ముసలమ్మ మాత్రం జరగలేదు. సంచిలోంచి నిమ్మకాయ తీసి నా చేతిలో పెట్టి, "వాసన చూస్తా కూసోమ్మా, మనసుకు బాగుంటాది" అంది. ఆమె ఎవరో నాకు తెలియదు. ఆ నిమ్మకాయను ఎండిపోయేదాకా తలగడ కింద పెట్టుకున్నాను.

ఊపిరితిత్తిలో ఉన్న జబ్బు గొంతుకూ పాకిందని డాక్టరు చెప్పాడు. సూదులు, మాత్రలు, ఏడాదిన్నర. మూడు నెలలు ఒక్క మాట కూడా మాట్లాడకూడదు, గుసగుస కూడా వద్దన్నాడు. మా పాప వసంతకు అప్పుడు ఆరేళ్లు. ఆ రోజే దాన్ని రాణి వదిన ఇంట్లో వదిలేశాం. దాన్ని ముద్దు పెట్టుకోకుండా, పేరు పెట్టి పిలవకుండా వచ్చేశాను. 

మా ఇల్లు పొడుగాటి మగ్గాల ఇల్లు. ముందు గది, దాని తరవాత మగ్గాలు పోయి ఖాళీగా ఉన్న హాలు, చిన్న లోపలి వాకిలి, ఆ వెనక నా గది. నా మంచం మీంచి చూస్తే ముందు గది లైటు వెలుతురు వాకిలి గోడ మీద పడేది, అంతే. బావ గడప అవతల నిలబడి ఏర్పాటు చెప్పాడు.

"డాక్టరు ఏం చెప్పినాడో విన్నావు గదా సుగుణా. నేను లోపలికొస్తే నువ్వు మాట్లాడకుండా ఉండలేవు. అందుకని నేను ముందర రూములోనే పండుకుంటా. వచ్చినాక రేడియో పెడతా. రేడియో మోగితే నేనింట్లో ఉన్నట్టే అనుకో. అవసరమైతే గంట కొట్టు, పరిగెత్తుకొని వస్తా."

పూజ గంట నా మంచం పక్కన పెట్టాడు. నా నిద్ర చెడుతుందని ఫోను బెల్లు కూడా తీసేశానన్నాడు. వచ్చేటప్పుడు తిరువళ్లూరులో దిగి పాపను చూసి, అక్కడే తిని వస్తానన్నాడు. నేను పలక మీద రాశాను: నువ్వు నా పక్కన ఉంటే చాలు. నిజంగా అదే రాశాను. ఇప్పుడు తలుచుకుంటే నా మీద నాకే ఒళ్లు మండుతుంది.

పగలు కనకక్క వచ్చేది. వండి, నా గిన్నెలు తనే తోమి, సాయంత్రం రాత్రికి అన్నం మూతపెట్టి, ముందు తలుపు గడియ వేసి పెరటి దారిన వెళ్లిపోయేది. బావ దగ్గర పెరటి తలుపు తాళం చెవి ఉంది. ఏడింటికి వాకిలి గోడ మీద వెలుతురు పడేది. వెంటనే రేడియో. తొమ్మిదింటికి రెండూ ఆగిపోయేవి. నేను లేచేసరికి ఆయన మొదటి బండికి వెళ్లిపోయి ఉండేవాడు. ఆదివారం మాత్రం పగలు కనిపించేవాడు, గడప అవతల కుర్చీ వేసుకుని పాప కబుర్లు చెప్పేవాడు. ఆ ఒక్క రాత్రి పాప దగ్గర పడుకుంటానని సాయంత్రం బండికి తిరువళ్లూరు వెళ్లేవాడు.

ఆ రెండు గంటల కోసమే నేను రోజంతా గడిపేదాన్ని. వార్తలు వస్తుంటే బావ కాళ్లు చాపుకుని వింటున్నాడనుకునేదాన్ని. పాటలొస్తే ఆయన కూడా కూనిరాగం తీస్తున్నాడేమో అని చెవులు రిక్కించేదాన్ని. మింజూరులో ఉన్న మా అక్క, తను వచ్చి నాతో ఉంటానని జాబు రాసింది. బావ ఉన్నాడు, నువ్వు నీ సంసారం వదులుకుని రావద్దని నేనే జవాబు రాశాను. కనకక్క ఆ కార్డు పోస్టులో వేస్తూ అంది: "నీ మొగుడు బంగారం లేమ్మా. ఫ్యాక్టరీలో పని జేసి, బిడ్డను జూసి, మళ్లా ఇంతదూరం వస్తా ఉండాడు. నా మొగుడైతే ఎప్పుడో పారిపొయ్యుండు." నేను నవ్వాను.

ఐప్పసి నెల వానలు పట్టుకున్నాయి. ఒక సాయంత్రం రేడియో మొదలైన కాసేపటికి దగ్గు తెర వచ్చింది. ఆగలేదు. నోట్లో ఉప్పగా తగిలితే చీర చెంగు చూసుకున్నాను. ఎర్రగా ఉంది.  గంట అందుకుని కొట్టాను. ముందు గదిలో ఎవరో ఇద్దరు నాటకం వేస్తూ నవ్వుతున్నారు. మళ్లీ కొట్టాను. చేయి పట్టు తప్పేదాకా కొట్టాను. వాకిలి గోడ మీద వెలుతురు అలాగే ఉంది. ఏ నీడా కదల్లేదు. అరవడానికి గొంతు లేదు. లేవబోతే కళ్లు తిరిగాయి. చచ్చిపోతే పాపను ఎవరు పెంచుతారో అని ఒకటే ఆలోచన. నాటకం అయిపోయింది, వార్తలు కూడా అయిపోయాయి, నేను చావలేదు.

పొద్దున కనకక్క వచ్చి చూసి నోరు కొట్టుకుంది. వెంటనే వెళ్లి సూదులేసే కాంపౌండరును పిలుచుకొచ్చింది. ఆదివారం బావ వచ్చినప్పుడు పలక మీద రాసి చూపించాను: గంట కొట్టాను, రాలేదు.

బావ ముఖం పాలిపోయింది. "ఆ పొద్దు తలనొప్పి సుగుణా. రేడియో ముందరే నిద్రపోయినా. నాకు వినబడలేదు."

నేను పలక తుడిచి, పోనీలే, నువ్వు మాత్రం ఎంతకని చేస్తావు అని రాశాను. ఆయన మీద జాలి పడ్డాను.

కార్తిగ నెల్లో ఎండ కాస్త తేలింది. నాకు జ్వరం తగ్గి, గోడ పట్టుకుని పెరటి దాకా నడవగలుగుతున్నాను. ఒక రోజు మధ్యాహ్నం కనకక్క అన్నం పెట్టి, రేషన్ షాపుకు వెళ్లింది. ఉన్నట్టుండి ముందు గదిలో రేడియో మోగింది. ఫ్యాక్టరీకి సెలవిచ్చారేమో, బావ పగలే వచ్చేశాడనుకున్నాను. ఎంత సంతోషమో. జుట్టు సవరించుకున్నాను, చీర సర్దుకున్నాను. రేడియో ఆగిపోయింది. ఇటు వస్తున్నాడనుకున్నాను. రాలేదు. మళ్లీ మోగింది. కాసేపటికి మళ్లీ ఆగింది. రిపేరు చేస్తున్నాడేమో. మూడోసారి మోగేసరికి నేనే లేచి, హాలు గోడ పట్టుకుంటూ ముందు గదికి వెళ్లాను.

గదిలో ఎవరూ లేరు. తలుపు గడియ వేసినట్టే ఉంది. పట్టపగలు లైటు వెలుగుతోంది, రేడియో పాడుతోంది. బావ పడక చాప గోడకు చుట్టి పెట్టి ఉంది, దాని మీద వేలు పెడితే దుమ్ము అంటింది. మంచినీళ్ల చెంబులో సాలెగూడు. ఫోను వెనక నుంచి ఒక తీగ గోడ వెంబడి పాకి, మామ చీరలు పెట్టుకునే బీరువాలోకి దూరింది. బీరువా తెరిచాను. రేకు పెట్టె. నేను అరచేతిలో పట్టుకున్న ఆ స్క్రూలే దానికి మళ్లీ బిగించి ఉన్నాయి.

నేను నిలబడి చూస్తుండగానే పెట్టె టక్కుమంది. లైటు ఆరింది, రేడియో నోరు మూసుకుంది. అవతల ఎవరో కాల్ చేస్తున్నారన్నమాట. రిసీవరు ఎత్తాను.

"హలో? అయ్యో దేవుడా, ఇంట్లో మనిషుండారా! ఎవురమ్మా? నేను ఎస్తేరును, ఎక్స్ఛేంజిలోంచి."

ఎస్తేరు గొంతు ఏజెన్సీ రోజుల నుంచీ నాకు తెలుసు, మనిషిని ఎన్నడూ చూడలేదు. డాక్టరు మాట పక్కన పెట్టి గుసగుసగా అన్నాను: "సుగుణను."

"అక్కా, మీకు ఒళ్లు బాగలేదని ఊళ్లో అనుకుంటా ఉండారు. అందుకే మనసు ఆగలేదు. దినామూ మీ నంబరుకు తిరువళ్లూరు నుంచి రెండు ట్రంకు కాల్స్ వస్తా ఉండాయి. ఏడుకొకటి, తొమ్మిదికొకటి. ఆదివారం మాత్రం రావు. రెండింటికీ నో రిప్లై. జబ్బు మనిషి ఉండే ఇంట్లో ఎవురూ ఎత్తరేమని ఈ పొద్దు నేనే రింగు కొట్టి కొట్టి చూస్తా ఉండా."

"ఎవరు చేస్తారు?"

"దేవరాజు అనే ఆయనంట. నో రిప్లై అంటే ఎవురైనా మా మీద అరుస్తారక్కా, మళ్లా కొట్టు మళ్లా కొట్టు అంటారు. ఈయన మాత్రం సరి సరి, థ్యాంక్స్ అని పెట్టేస్తాడని తిరువళ్లూరు ఆపరేటరు నవ్వుతా ఉండాది. రిప్లై లేదంటే సంతోషపడే మనిషిని నా సర్వీసులో చూడలేదు."

నాకు అంతా ఒక్కసారిగా అర్థమైంది. రిసీవరుతోనే నేల మీద కూర్చున్నాను. ఏడుపు రాలేదు. సిగ్గేసింది. ఒక రేకు పెట్టె కోసం జుట్టు సవరించుకున్నాను. ఆ రాత్రిళ్లన్నీ అంత పొడుగు ఇంట్లో నేను ఒంటరిగా ఉన్నాను. నెత్తురు కక్కుకుంటూ రేడియో పెట్టెకు గంట కొట్టాను. దొంగలను ఏమార్చడానికి చేసిన పనిని కట్టుకున్న పెళ్లాం మీద వాడాడు. వీధిలో వాళ్లంతా ఆ లైటు చూసే ఆయన్ను బంగారమన్నారు.

"అక్కా, లైన్లో ఉండారా?"

"ఎస్తేరూ, ఈ సాయంత్రం ఆ కాల్ వస్తే కలుపు. నేను ఎత్తుతాను."

ఏడింటికి ఫోను పక్కనే ముక్కాలి పీట మీద కూర్చున్నాను. కనకక్కకు సంగతి చెప్పి ఉండమన్నాను. ఆమె గోడకు ఆనుకుని, కొంగు నోట్లో కుక్కుకుని కూర్చుంది. పెట్టె టక్కుమంది. లైటు వెలిగింది. రేడియోలో వార్తలు. నేను రిసీవరు ఎత్తాను. "తిరువళ్లూరు కాల్, మాట్లాడండి" అంది ఎస్తేరు, చాలా మెల్లగా.

అవతల ముందు వినిపించింది నా బిడ్డ నవ్వు. పై ఇంట్లో ఎవరో గిన్నెలు సర్దుతున్నారు. రాణి వదిన "రా రా, చారు చల్లారిపోతాది" అంటోంది. తరవాత బావ గొంతు, తీరిగ్గా: "రిప్లై లేదు గదా మేడం? సరి సరి..."

"బావా, రేడియో బాగా వినబడతా ఉంది" అన్నాను.

గుసగుసే. అయినా విన్నాడు. ఆయన ఊపిరి పీల్చుకోవడం నాకు వినిపించింది. "నాన్నా, ఎవురు నాన్నా ఫోన్లో?" అంది వసంత. బావ ఏదో ఒకటి చెబుతాడని ఆగాను. లైను కట్ అయింది. పెట్టేశాడు.

మరునాడు పొద్దున్నే వచ్చాడు. మొదటిసారి గడప దాటి లోపలికి వచ్చాడు, వచ్చి నేల మీద కూర్చున్నాడు. వాళ్లమ్మ, అంటే మా అత్త, ఆయన చిన్నప్పుడు ఇదే జబ్బుతో పోయిందని నాకు తెలుసు.

"అమ్మ పోయేటప్పుడు పక్కలో పండుకున్నింది నేనే సుగుణా. నువ్వు దగ్గుతా ఉంటే అదే గుర్తొస్తాది. రెండు రోజులు ముందర రూములో పండుకుంటి. నాకు చేతగాలేదు. పాపకు గూడా ఎవురో ఒకరు ఉండాల గదా."

"భయమేస్తే భయమేస్తా ఉండాదని చెప్పుండొచ్చు గదా. మా అక్క వస్తానన్నింది. నువ్వుండావని గదా నేను వద్దనింది. నేను గంట కొట్టిన పొద్దు యాడుండావు నువ్వు?"

ఆయన తల ఎత్తలేదు. "అక్క ఇంట్లో. పాపకు కథ చెప్తా ఉంటి."

భయాన్ని నేను క్షమించగలను. ఆ బెంచీ మీద జానెడు జానెడు జరిగిన వాళ్ల మీద నాకు కోపం లేదు. కానీ ఆదివారం నా ఎదురుగా కూర్చుని తలనొప్పి అన్నాడు. నేను పలక మీద రాసిన జాలిని చదివి, తల ఊపి, సాయంత్రం బండికి వెళ్లిపోయాడు. అది మాత్రం ఇప్పటికీ నా గొంతు దిగలేదు.

ఆ రోజే అక్కకు కార్డు రాశాను. అక్క మింజూరు నుంచి ఒక ట్రంకు పెట్టెతో వచ్చి, నా గదిలోనే నా మంచం పక్కన చాప వేసుకుంది. నేను దగ్గితే లేచి వీపు రాసేది. ఎస్తేరు ఒక సాయంత్రం డ్యూటీ అయ్యాక చూడడానికి వచ్చింది. ఆ గొంతుకు అంత సన్నటి మనిషి ఉంటుందని అనుకోలేదు. నా కోసం చర్చిలో ప్రార్థన పెట్టించానని చెప్పింది. బావ ఆదివారాలు వచ్చేవాడు. అక్క ఆయనకు కాఫీ ఇచ్చేది, మాట ఇచ్చేది కాదు. సంక్రాంతికి, తై నెలలో డాక్టరు నన్ను మాట్లాడమన్నాడు. ఎండాకాలం నాటికి, ఇక అంటదని చెప్పాక, వసంత ఇంటికి వచ్చింది. దాని వెంట బావ కూడా వచ్చాడు. నేను పొమ్మనలేదు. పాపకు తండ్రి కావాలి, నాకు మందులు తెచ్చే మనిషి కావాలి. ఇంతకన్నా గొప్పగా చెప్పుకునే కారణం నా దగ్గర లేదు.

ఆఖరి ఎక్స్‌రేకు ముగ్గురం తిరువళ్లూరు వెళ్లాం. అదే వరండా, అదే బెంచీ. డాక్టరు ఫిల్మును కిటికీ వెలుతురుకు పట్టి చూసి, అంతా మానిపోయిందంటూ బావ భుజం తట్టాడు. గది గుమ్మంలో ఒక కుర్ర జంట నిలబడి ఉంది. ఆ అమ్మాయికి అప్పుడే జబ్బు బయటపడినట్టుంది, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని వణుకుతోంది. డాక్టరు ఆ అబ్బాయిని పిలిచి బావను చూపించాడు. "ఈయన్ని అడుగు. భార్యను ఎట్లా కాపాడుకున్నాడో చెప్తాడు."

ఆ అబ్బాయి బయటికి వచ్చాక బావ పక్కన నిలబడి అడిగాడు: "మీకు భయమెయ్యలేదా అన్నా? ఒంటిగా ఎట్ల జూసుకుంటిరి?"

నేను బావ ముఖం చూశాను. ఇప్పుడైనా నిజం చెబుతాడేమో, ఆ అబ్బాయి భయాన్ని కాస్త పంచుకుంటాడేమో అనుకున్నాను. చెప్పి ఉంటే ఆ రోజుతో నా మనసులో ముల్లు ఊడిపోయేదేమో.

"భయమేంది తమ్ముడూ" అన్నాడు బావ. "పెళ్లాం గదా. దినామూ ఏడుకంతా ఇంట్లో ఉంటి. ఒగ పూట గూడా ఒంటిగా విడవలా."

నా పక్కన నిలబడి, నా ముందే అన్నాడు.   నేను బెంచీ మీద జరిగి ఆ అమ్మాయిని పక్కన కూర్చోబెట్టుకున్నాను.

"ఈయన ఇంట్లో లేడమ్మా" అన్నాను, వరండా చివరిదాకా వినబడేలా. "నేను ఒంటిగానే ఉన్నింది. నన్ను చూసుకున్నింది మా అక్క. నీకు అమ్మో అక్కో ఎవురన్నా ఉండారా?"

ఆ అమ్మాయి వాళ్లాయన వైపు చూసింది. అతను నేల చూశాడు. బావ వసంత చేయి వదిలేసి మెట్లు దిగి వెళ్లిపోయాడు.

"తామరైపాక్కంలో మా చెల్లెలుందక్కా" అంది.

వసంత నోటు పుస్తకంలోంచి ఒక కాగితం చింపి మోకాలి మీద పెట్టుకున్నాను.

"మీ చెల్లెలి పేరు చెప్పు" అన్నాను. "ఈ పొద్దే జాబు వేస్తాం."